పదహారు గంటల గీత: పని గంటలు తగ్గిస్తే ఇంటికి వచ్చే సర్కారు సాయం ఏమవుతుంది?

ఈ రోజు ఎపిసోడ్ ఒక వాట్సాప్ వాయిస్ మెసేజ్‌తో మొదలైంది. 2025లో వచ్చింది ఆ మెసేజ్. మా పెద్దమ్మ కూతురు, మా అక్క, ఇంగ్లండ్‌లో ఉంటుంది. అక్కడికి వెళ్లి చాలా ఏళ్లయింది, వాళ్లకి అక్కడి పౌరసత్వం కూడా వచ్చేసింది. అక్క ఒక వృద్ధాశ్రమంలో కేరర్‌గా చేస్తుంది, వారానికి 19 గంటలు. బావ గోడౌన్‌లో ఫుల్‌టైమ్. ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు.

మెసేజ్‌లో ఏముందంటే, "ఒరేయ్ చిన్నా, పెద్దదాన్ని స్కూల్ నుంచి తెచ్చే పక్కింటావిడ ఊరు మారిపోయిందిరా. నేను వారానికి అయిదు గంటలు తగ్గించుకుంటే గానీ కుదిరేలా లేదు. తగ్గిస్తే గవర్నమెంట్ ఇచ్చేది కూడా పోద్దా? నువ్వు ఈ హిస్టరీలవీ చదువుతుంటావు కదా, కాస్త చూసి చెప్పు."

నేనేమనుకున్నానంటే, పది నిమిషాల పని, గూగుల్ చేసి చెప్పేద్దాం అని. మూడు రోజులు పట్టింది. ఎందుకంటే ఈ రోజు ఉన్న ఒక్కో రూల్ వెనక ఒక్కో పాత రూల్ ఉంది, దాని వెనక ఇంకోటి. అలా వెనక్కి వెళ్తూ వెళ్తూ 1795 దగ్గర తేలాను. అక్కడి నుంచే చెప్తా. అక్క ప్రశ్నకి జవాబు చివర్లో ఉంటుంది, మధ్యలో వెళ్లిపోకండి.

ముందు ఒక్క మాట మనసులో పెట్టుకోండి. సర్కారు సాయం రెండు రకాలుగా తగ్గుతుంది. ఒకటి, హాస్పిటల్లో వీల్‌చైర్ కోసం కట్టే ర్యాంపులాగా, మెల్లగా. రెండోది, డాబా మీద పిట్టగోడ దాటి అడుగేసినట్టు, ఒక్కసారిగా. ఈ 230 ఏళ్ల కథంతా ర్యాంపు కట్టాలా, పిట్టగోడ కట్టాలా, కడితే ఎక్కడ కట్టాలా అన్న గొడవే.

సరే, 1795. ఫ్రాన్స్‌తో యుద్ధం నడుస్తోంది. పంటలు పోయాయి. బ్రెడ్డు ధర ఆకాశంలో ఉంది. ఇంగ్లండ్‌లో బెర్క్‌షైర్ అని ఒక జిల్లా, అందులో న్యూబరీ ఊరి పక్కన స్పీనమ్‌ల్యాండ్ అనే చోటు. మే 6న అక్కడి పెలికన్ అనే సత్రంలో జిల్లా మేజిస్ట్రేట్లు కూర్చున్నారు. కూలీల జీతాలు పెంచమని రైతుల్ని బలవంతం చెయ్యొచ్చు. కానీ చెయ్యలేదు. దానికి బదులు ఒక పట్టీ రాశారు. పెద్ద బ్రెడ్డు ఒకటి, దాదాపు నాలుగు కిలోలది, ఒక షిల్లింగ్ ఉన్నప్పుడు కూలివాడికి వారానికి మూడు షిల్లింగులు ఉండాలి. భార్యకి, ఇంట్లో ఉన్న ఒక్కో మనిషికి ఒకటిన్నర షిల్లింగ్. బ్రెడ్డు ధర పెరిగితే ఇదీ పెరుగుతుంది. కూలి అంతకంటే తక్కువ వస్తే, ఆ తేడా ఊళ్లో వసూలు చేసిన పేదల పన్ను నుంచి ఇస్తారు.

గమనించండి, ఈ పట్టీలో గంటల ఊసే లేదు. ఎన్ని నోళ్లు ఉన్నాయి, బ్రెడ్డు ఎంత, అంతే. వినడానికి చాలా బాగుంది కదా? కానీ లెక్క వేసి చూడండి. కూలివాడు ఈ వారం ఒక షిల్లింగ్ తక్కువ సంపాదిస్తే, ఆ షిల్లింగ్ ఊరు ఇస్తుంది. ఒక షిల్లింగ్ ఎక్కువ సంపాదిస్తే, ఊరు ఇచ్చేదాంట్లో ఒక షిల్లింగ్ పోతుంది. అంటే వాడు ఎక్కువ పని చేసినా అంతే, తక్కువ చేసినా అంతే. నూటికి నూరు శాతం కోత. రైతుకి ఇది ఇంకా కలిసొచ్చింది. నేను కూలి తగ్గించినా ఊరు సర్దుతుందిలే అన్న ధీమా.

ఇంకేముంది, తిట్లు మొదలయ్యాయి. ఎవర్ని? రైతుని కాదు, కూలివాణ్ణి. 1798లో మాల్థస్ పేదలకి సాయం చేస్తే జనాభా పెరిగి పేదరికం ఇంకా పెరుగుతుందని రాశాడు. 1832లో ఒక రాయల్ కమిషన్ వేశారు. నాసా సీనియర్, ఎడ్విన్ చాడ్విక్ రాసిన రిపోర్టు ఒక్కటే చెప్పింది, ఈ సాయం వల్ల కూలీలు సోమరులయ్యారని. 1834లో కొత్త చట్టం వచ్చింది. ఒంట్లో శక్తి ఉన్నవాడికి ఇంటి దగ్గర సాయం వద్దు, కావాలంటే వర్క్‌హౌస్‌లో చేరాలి. చేరితే ఏమవుతుంది? భర్త ఒక వైపు, భార్య ఒక వైపు, పిల్లలు ఇంకో వైపు. బయట అతి తక్కువ కూలికి బతికేవాడి కంటే లోపల బతుకు హీనంగా ఉండాలి అన్నది అక్కడి సూత్రం. తప్పనిసరైతే తప్ప ఎవడూ గడప తొక్కకూడదని.

అసలు విషయం ఏంటంటే, ఆ రిపోర్టే సరిగ్గా లేదు. 1963లో మార్క్ బ్లాగ్ అనే ఆర్థికవేత్త పాత లెక్కలన్నీ మళ్లీ తీసి చూశాడు. సాయం వల్ల కూలి తగ్గింది అనేదానికంటే, కూలి తక్కువ ఉన్న చోట, శీతాకాలంలో పని దొరకని చోట సాయం ఎక్కువ ఇచ్చారు అనేదే నిజానికి దగ్గర అని వాదించాడు. అంటే కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేశారన్నమాట. కానీ అప్పటికి 129 ఏళ్లు గడిచిపోయాయి. "సాయం ఇస్తే పని మానేస్తారు" అన్న భయం ప్రభుత్వాల ఒంట్లో ఇంకిపోయింది. తర్వాత వచ్చిన ప్రతి రూల్‌లోనూ ఆ భయం కనిపిస్తుంది, చూడండి.

ఇప్పుడు కొంచెం ముందుకి వద్దాం. 1942 డిసెంబర్, రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో బెవరిడ్జ్ రిపోర్టు. బ్రిటన్ సంక్షేమ రాజ్యానికి పునాది అదే. బెవరిడ్జ్‌కి ఒక చిక్కు వచ్చింది. ఉద్యోగం పోయినవాడికి పిల్లల సంఖ్యని బట్టి సాయం ఇస్తే, పిల్లలు ఎక్కువున్న ఇంట్లో ఆ సాయం జీతం కంటే ఎక్కువైపోవచ్చు. జీతం ఇచ్చేవాడు పిల్లల్ని లెక్కపెట్టి ఇవ్వడు కదా! దానికి మందు ఏంటి? పని ఉన్నా లేకపోయినా పిల్లల డబ్బు విడిగా ఇచ్చేయడమే.

ఈ మాట ఆయన కంటే ముందు ఎలియనార్ రాత్‌బోన్ అనే ఆవిడ చెప్పింది. 1924లోనే దీని మీద పుస్తకం రాసింది. పిల్లల్ని పెంచడం కూడా పనే, ఆ డబ్బు తల్లి చేతికే రావాలి అని ఆవిడ పట్టు. 1945లో చట్టం అయింది. బిల్లులో తండ్రి పేరు పెట్టబోతే పార్లమెంటులో పోరాడి తల్లి పేరు రాయించింది. 1946 ఆగస్టు నుంచి రెండో బిడ్డ దగ్గర్నుంచి వారానికి అయిదు షిల్లింగులు. ఆ మొదటి డబ్బు తల్లుల చేతికి అందడం ఆవిడ చూడలేదు, ఆ ఏడాది జనవరిలోనే పోయింది. ఈ సాయానికి ర్యాంపూ లేదు, పిట్టగోడా లేదు. గంటలు తగ్గించుకున్నా పెంచుకున్నా నువ్వు తల్లివి, ఇదిగో డబ్బు, అంతే. నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చిన మనిషి ఈవిడే.

కానీ ఆ డబ్బు సరిపోలేదు. 1965లో ఏబెల్-స్మిత్, టౌన్‌సెండ్ అనే ఇద్దరు చూపించింది ఏంటంటే, పేదల్లో చాలామంది పని లేనివాళ్లు కాదు, పని చేస్తున్నవాళ్లే అని. దానికి జవాబుగా 1971 ఆగస్టులో ఫ్యామిలీ ఇన్‌కమ్ సప్లిమెంట్ మొదలైంది. పొట్టిగా ఫిస్. తక్కువ జీతం ఉండి పిల్లలున్న ఇంటికి, ప్రభుత్వం పెట్టిన గీతకీ వాళ్ల ఆదాయానికీ ఉన్న తేడాలో సగం ఇస్తారు.

సరిగ్గా ఇక్కడే గంటలు రంగంలోకి దిగాయి. ఫిస్ కావాలంటే వారానికి కనీసం 30 గంటలు పని చెయ్యాలి. ఎందుకు? అదే 1834 నాటి భయం. సాయం ఇస్తే పని తగ్గించేస్తారేమో, కాబట్టి ఒక పిట్టగోడ కట్టేద్దాం. 30 గంటలు చేస్తే డబ్బు వస్తుంది, 29 చేస్తే సున్నా.

పోనీ ఎక్కువ పని చేస్తే లాభమా? అదీ లేదు. ఒక పౌండు ఎక్కువ సంపాదిస్తే ఫిస్‌లో 50 పెన్నీలు కోత. మీద ఇన్‌కమ్ ట్యాక్స్, నేషనల్ ఇన్సూరెన్స్, ఇంటి అద్దె రాయితీలో ఇంకో కోత. అన్నీ కలిపితే కొన్ని ఇళ్లలో పౌండు సంపాదిస్తే పౌండు కంటే ఎక్కువే పోయేది! 1971 డిసెంబర్‌లో ఫ్రాంక్ ఫీల్డ్, డేవిడ్ పియాషో దీనికి ఒక పేరు పెట్టారు, పావర్టీ ట్రాప్. మన భాషలో పేదరికపు బోను అనుకోవచ్చు. కింద 30 గంటల గోడ, పైన కోతలు. మధ్యలో ఇరుక్కున్న మనిషి గంటలు తగ్గించలేడు, పెంచి బాగుపడలేడు.

తర్వాత ఆ గోడ జరుగుతూ వచ్చింది. 1979లో ఒంటరి తల్లిదండ్రులకి 24 గంటలు చేశారు. 1988లో ఫిస్ పోయి ఫ్యామిలీ క్రెడిట్ వచ్చింది, అందరికీ 24. ఈసారి ట్యాక్స్ పోగా చేతికొచ్చే జీతం మీద లెక్క కట్టడంతో, పౌండుకి పౌండు కంటే ఎక్కువ పోవడం చాలావరకు తగ్గింది. 1992 ఏప్రిల్‌లో 24 గంటల్ని 16 చేశారు. ఈ పదహారుని గుర్తుపెట్టుకోండి.

పదహారు పెట్టాక ఒక తమాషా జరిగింది. ఆర్థికవేత్తలు ఒంటరి తల్లులు వారానికి ఎన్ని గంటలు పని చేస్తున్నారో గ్రాఫ్ గీశారు. గ్రాఫ్ నున్నగా ఉండాలి కదా? సరిగ్గా 16 దగ్గర తాటిచెట్టులా ఒక స్తంభం లేచింది. 1995లో 30 గంటలు దాటితే వారానికి అదనంగా పది పౌండ్లు అన్నారు, 30 దగ్గర ఇంకోటి లేచింది. ప్రభుత్వం గీత ఎక్కడ గీస్తే జనం వచ్చి అక్కడ నిలబడ్డారన్నమాట. సోమరితనం అంటారా దీన్ని? నేనైతే అనను. అది లెక్క తెలిసిన తల్లి చేసే పని. ఇంట్లో ప్రతి పెన్నీ ఆవిడే చూసుకోవాలి కాబట్టి.

1999లో గోర్డన్ బ్రౌన్ దీన్ని మార్చి, 2003లో ట్యాక్స్ క్రెడిట్లు అని రెండు తెచ్చాడు. ఒకటి పిల్లల కోసం, ఒకటి పని చేసేవాళ్ల కోసం. పిల్లలున్నవాళ్లకి గోడ 16 దగ్గరే ఉంది. కానీ లెక్క ఏడాది మొత్తానికి వేసేవారు. మధ్యలో జీతం మారితే, అది సమయానికి లెక్కలోకి ఎక్కకపోతే, తర్వాత "మీకు ఎక్కువ ఇచ్చాం, వెనక్కి కట్టండి" అని ఉత్తరం. మొదటి ఏడాదిలోనే సుమారు 19 లక్షల కుటుంబాలకి ఇలా ఎక్కువ వెళ్లింది, మొత్తం సుమారు 200 కోట్ల పౌండ్లు. ఖర్చైపోయిన డబ్బు అది. పిల్లల బూట్లు కొన్న డబ్బు. అది అప్పు అని తర్వాత తెలిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అయినా ఆ పద్ధతిలో ఒక మంచి రూల్ ఉండేది. గంటలు 16 కంటే తగ్గినా నాలుగు వారాల పాటు పాత డబ్బు వచ్చేది. ఇంకో పని వెతుక్కోవడానికి ఊపిరి తీసుకునే టైమ్.

2012 ఏప్రిల్‌లో మాత్రం గోడే లేచి నడుచుకుంటూ జనం మీదికి వచ్చింది. భార్యాభర్తలున్న ఇంటికి 16 చాలదు, ఇద్దరివీ కలిపి 24 గంటలు ఉండాలి, అందులో ఒకరు కనీసం 16 చెయ్యాలి అన్నారు. అప్పటికి 16 గంటల మీద బతుకుతున్న కుటుంబాలు రెండు లక్షలకి పైనే. ఏడాదికి 3,870 పౌండ్ల దాకా పోయే పరిస్థితి. వాళ్లు పని తగ్గించలేదు. ఒక్క గంట కూడా తగ్గించలేదు. గీత జరిగింది, అంతే. ఇంకో ఎనిమిది గంటలు ఇవ్వండి అని సూపర్‌మార్కెట్ మేనేజర్ దగ్గరికి వెళ్తే, ఆయన దగ్గర గంటలుండాలి కదా! ఎన్ని గంటలు పని చెయ్యాలో ఎప్పుడూ కార్మికుడి చేతిలోనే ఉంటుందని రూల్ రాసేవాళ్లు అనుకుంటారు. నిజానికి సగం రోస్టర్ చేతిలో ఉంటుంది.

ఇక ఇప్పటి పద్ధతి, యూనివర్సల్ క్రెడిట్. 2013 ఏప్రిల్‌లో మాంచెస్టర్ దగ్గర యాష్టన్-అండర్-లైన్‌లో మొదలైంది. ఇయాన్ డంకన్ స్మిత్ తెచ్చాడు. దీని గొప్ప ఏంటంటే 16 గంటల పిట్టగోడ తీసేసి ర్యాంపు కట్టారు. ఎన్ని గంటలు చేసినా సరే, పిల్లలున్న ఇంటికి కొంత సంపాదన వరకు కోత లేదు, ఆ పైన పౌండుకి ఇంత అని కోత. మొదట్లో 65 పెన్నీలు, 2017లో 63, 2021 చివర్లో 55. పాత ట్యాక్స్ క్రెడిట్లు 2025 ఏప్రిల్ 5తో పూర్తిగా ముగిశాయి.

ఇప్పుడు అక్క లెక్క వేద్దాం. అక్కది కనీస వేతనం, 2025 ఏప్రిల్ రేటు ప్రకారం గంటకి 12.21 పౌండ్లు. అయిదు గంటలు తగ్గిస్తే వారానికి 61.05 పౌండ్లు పోతాయి. బావ జీతంతోనే వాళ్లు కోత లేని హద్దు దాటేశారు, అక్క జీతం మీద ట్యాక్స్ పడదు. కాబట్టి పోయిన ప్రతి పౌండుకి యూనివర్సల్ క్రెడిట్ 55 పెన్నీలు పెరుగుతుంది. అంటే 33.58 తిరిగొస్తాయి. నికరంగా ఇంటికి తగ్గేది వారానికి 27.47 పౌండ్లు. చేదే గానీ మింగలేనంత కాదు.

ఇది చెప్పేసి ఫోన్ పెట్టేద్దామనుకున్నా. ఎందుకో అనుమానం వచ్చి ఇంకో రోజు చదివా. నిజంగా ఆ గోడ పోయిందా? పోలేదండీ. వేరే గదుల్లోకి మారింది.

ఒకటి, ఉద్యోగ కేంద్రం వాళ్లు నిన్ను ఇంకా పని వెతకమని వెంటపడాలా వద్దా అనే గీత. 2022 సెప్టెంబర్‌లో ఒక్కరే ఉంటే 9 గంటల సంపాదన నుంచి 12కి, 2023 జనవరిలో 15కి, 2024 మేలో 18కి పెంచారు. జంటకి ఇప్పుడు 29. బావ ఫుల్‌టైమ్ కాబట్టి అక్కకి ఇది తగలదు. రెండు, మొత్తం బెనిఫిట్ల మీద గరిష్ఠ పరిమితి. వారానికి 16 గంటల కనీస వేతనానికి సమానంగా ఇంట్లో సంపాదన ఉంటే అది వర్తించదు. ఇదీ తగలదు.

మూడోది తగిలింది. చిన్నోడికి మూడేళ్లు, నర్సరీకి వెళ్తాడు. ఇంగ్లండ్‌లో తల్లిదండ్రులిద్దరూ పని చేస్తుంటే స్కూళ్లు నడిచే వారాల్లో 30 గంటల నర్సరీ ప్రభుత్వం భరిస్తుంది. షరతేంటంటే ఇద్దరిలో ఒక్కొక్కరూ వారానికి 16 గంటల కనీస వేతనమంత సంపాదించాలి. అక్క 19 నుంచి అయిదు తగ్గిస్తే 14. అంటే 30 గంటల్లో 15 పోతాయి, మూడేళ్ల పిల్లలందరికీ ఇచ్చే 15 మాత్రమే మిగులుతాయి. నర్సరీ ఖర్చులో 85 శాతం దాకా యూనివర్సల్ క్రెడిట్‌లో వెనక్కి ఇస్తారు, నిజమే. కానీ ముందు మనం కట్టాలి, తర్వాత బిల్లు చూపించాలి. నెలాఖరుకి చేతిలో ఏమీ మిగలని ఇంట్లో "ముందు కట్టు" అనే మాటే పెద్ద గోడ.

1992లో పెట్టిన ఆ పదహారు, పేరు మార్చుకుని ఇంకా అక్కడే ఉందన్నమాట.

ఇదంతా విని మనకేంటి అనుకోకండి. అక్కడున్న మన తెలుగువాళ్లలో స్టూడెంట్ వీసా, వర్క్ వీసా మీద వెళ్లినవాళ్లకి ఈ సాయాల్లో చాలావరకు లేవు, వీసాలోనే ఆ షరతు రాసి ఉంటుంది. ఇక మన ఊళ్లలో? ఈఎస్ఐ చూడండి. నెల జీతం 21,000 దాటితే కవరేజ్ పోతుంది. అయితే ఓవర్‌టైమ్ డబ్బు ఆ గీతలో కలపరు. పైగా మధ్యలో దాటినా ఆ ఆరు నెలల గడువు అయ్యేదాకా కవరేజ్ ఉంటుంది. అదొక చిన్న ర్యాంపు. కానీ జబ్బు చేసినప్పుడు వచ్చే 70 శాతం జీతం కావాలంటే, అంతకుముందు ఆరు నెలల గడువులో కనీసం 78 రోజుల చందా ఉండాలి. 77 అయితే లేదు. మీ నాన్నో అన్నయ్యో ఫ్యాక్టరీలో చేస్తుంటే ఒకసారి వాళ్ల రోజులు లెక్కపెట్టి చూడండి. ఈ పని ఇవాళే చెయ్యండి.

అక్కకి ఫోన్ చేశా. "అయిదు కాదక్కా, మూడే తగ్గించు. పదహారు దగ్గర ఆగిపో. వారానికి పదహారున్నర పౌండ్లు తగ్గుతాయి, చిన్నోడి నర్సరీ నిలబడుతుంది" అన్నా. కాసేపు మాట్లాడలేదు. "మరి మిగతా రెండు గంటలు పిల్లని ఎవరు తెస్తార్రా?" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. 230 ఏళ్ల రూల్స్ చదివా కదా, ప్రతి ఫారంలోనూ ఎన్ని గంటలు చేస్తున్నావు, ఎంత వస్తోంది అని గడులున్నాయి. ఎందుకు తగ్గిస్తున్నావు అనే గడి ఈ లెక్కలో నాకెక్కడా కనపడలేదు. ఆ ప్రశ్న అడిగింది రాత్‌బోన్ ఒక్కతే అనిపించింది నాకు.

చివరికి బావ షిఫ్ట్ మార్పించుకున్నాడు, వారంలో రెండు రోజులు ఆయనే స్కూల్ గేటు దగ్గర నిలబడుతున్నాడు. అక్క సరిగ్గా పదహారు గంటలు చేస్తోంది, ఆ గ్రాఫ్‌లో ఉన్న తల్లులందరి పక్కన.

మీ ఇంట్లో కూడా ఇలా ఒక గీత దగ్గర ఆగిపోయినవాళ్లు ఉంటే, వాళ్లని సోమరి అనే ముందు ఒకసారి వాళ్ల లెక్క అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.